ఆరు జీబీల పిడికెడు

పెళ్ళయిన నలభై ఒకటో రోజున కరుణకి అత్తారింట్లో మొదటిసారి చేతినిండా పని దొరికింది.

అప్పటిదాకా ఆమెని ఎవరూ ఏదీ ముట్టుకోనివ్వలేదు. కత్తిపీట దగ్గర కూర్చోబోతే అత్తగారు రూతమ్మ "కొత్త కోడలివి, నీకెందుకమ్మా" అంటూ పీట లాగేసేది. చీపురు పట్టుకుంటే మావగారు యేసురత్నం మాస్టారు చిన్నగా దగ్గి అటు తిరిగి కూర్చునేవారు. కరుణకి అదీ ముచ్చటగానే ఉండేది. అసలు ఆ ఇంట్లో ఆమెకి ముచ్చట కానిదేదీ లేదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కించి గోదావరి దాటించి తెచ్చుకున్న తన పెట్టె పక్కన భర్త ఏలీయా లెక్కల పుస్తకాలు ఒదిగి ఉండటం ముచ్చట. వంటింటి గూట్లో కాఫీ గ్లాసులు నాలుగు వరసగా బోర్లించి ఉండటం ముచ్చట. మొన్నటిదాకా అవి మూడే.

ఆ మంగళవారం పొద్దున్న వీధరుగు మీద పడక్కుర్చీలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"ఇది మళ్ళీ ప్రార్థనలోకి వెళ్ళిపోయిందే రూతూ! ఎంతకీ ఆమేన్ అనట్లేదు."

కరుణ తొంగి చూసింది. మాస్టారి ఒళ్ళో పలకంత లాప్‌టాప్. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఆయన ఎడంచెయ్యి చూపుడువేలు గాలిలో ఆగిపోయి ఉంది.

ఆ వేలి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయిన ఏడాదికే మాస్టారి కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. కలం పట్టుకుంటే అక్షరాలు కోడిగీతలయ్యేవి. ఆ రోజుల్లోనే సంఘపెద్దలు వచ్చి, గుడి కట్టి నూట పాతికేళ్ళవుతోంది, మన సంఘం చరిత్ర మీరే రాయాలి అన్నారు. అప్పుడు ఏలీయా ఈ చిన్న లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. తేలిగ్గా ఉంది, ఒళ్ళో ఇమిడిపోయింది. ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ, మాస్టారు ఎనిమిది నెలలుగా రాస్తున్నారు. ఊళ్ళో ముసలివాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగి, వాళ్ళు చెబుతుండగానే ఎక్కించేవారు. వాళ్ళలో ఇద్దరు మొన్న వర్షాకాలంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళు చెప్పిన మాటలు ఇప్పుడు ఆ పలకలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

వచ్చే వారం శనివారం పదకొండు గంటలకల్లా పుస్తకం అమలాపురంలో ప్రెస్సుకి చేరాలి. ఇంకా ముప్ఫై పేజీలు రాయాల్సి ఉంది. లాప్‌టాప్ చూస్తే గంటకోసారి ప్రార్థనలో కూర్చుంటోంది.

"నాగసతీష్‌కి చూపించేనమ్మా," అన్నారు మాస్టారు. "రిపేరు షాపు కుర్రాడు. 'ఇది లాప్‌టాప్ కాదండి మాస్టారూ, సెల్‌ఫోన్‌కి రెక్కలు కట్టేరు, వదిలెయ్యండి' అన్నాడు."

కరుణ కొంగు దోపుకుంది. "నాకివ్వండి మావయ్యగారూ. ఎల్లుండికి కొత్తదానిలా చేసి మీ ఒళ్ళో పెడతాను."

ఆ మాట అనడానికి ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివి, పెళ్ళికి ముందు రెండేళ్ళు కాకినాడలో ఒక కాలేజీ లాబ్ మొత్తం చూసుకుంది. అరవై కంప్యూటర్లు. రోజూ మూడు వందల మంది పిల్లలు వాటిని నానా రకాలుగా పాడు చేసి వెళ్ళేవారు. పొద్దున్నే వచ్చి ఒక్కొక్కదాన్నీ లేపి, కడిగిన ముత్యంలా చేసి పెట్టేది. అంత పెద్ద మందని కాసినదానికి ఈ గొర్రెపిల్ల ఒక లెక్కా?

మూత తెరిచి చూస్తే సంగతి తేలిపోయింది. జబ్బేమీ లేదు, తిండి ఎక్కువైంది. ఉన్న చోటే ముప్ఫై రెండు జీబీలు. ఏళ్ళ తరబడి వచ్చిన అప్‌డేట్లన్నీ అందులోనే పేరుకుపోయి, కదలడానికి జానెడు చోటు లేదు. అంతా తుడిచేసి, తేలికపాటి సిస్టమ్ ఒకటి ఎక్కించాలి. ఆమె అక్కడితో ఆగదల్చుకోలేదు. డిస్కుని మూడు భాగాలు చెయ్యాలి. ఒకటి సిస్టమ్‌కి. ఒకటి మావయ్యగారి రాతలకి. మూడోది పక్కన తీసిపెట్టే ఆరు జీబీల చోటు. కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు నకలు తీసి అందులో దాచాలి. రేపు ఏమైనా పాడైతే, స్విచ్చి వేసేటప్పుడు ఒక మీట నొక్కితే చాలు. ఆ నకలు బయటికి వచ్చి, పాడైన సిస్టమ్ చోట మళ్ళీ కొత్తది పరిచేస్తుంది. రాతల జోలికి పోదు.

ఇదంతా విని మాస్టారు నొసలు చిట్లించారు.

"ఉన్నదే ముప్ఫై రెండు. అందులో ఆరు ఊరికే పడుండాలా? ఖాళీ గది పెట్టుకుని అరుగు మీద పడుకున్నట్టుంది."

గుమ్మంలో బియ్యం చేట పట్టుకుని నిలబడ్డ రూతమ్మ నవ్వింది. "ఎందుకండీ అంత ఆశ్చర్యం? నేను రోజూ తియ్యట్లేదా?"

రూతమ్మ చెప్పేది పొయ్యి పక్కన మూతేసిన చిన్న కుండ సంగతి. ఏ పూట బియ్యం కడిగినా ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో పోస్తుంది. అది గుడి భాగం. శనివారం నాడు సంచిలోకి వంచి, ఆదివారం తీసుకెళ్ళి అర్పిస్తుంది. మధ్యలో ఇంట్లో బియ్యం నిండుకున్నా, చుట్టాలు ఊడిపడ్డా, ఆ కుండలో ఎవరూ చెయ్యి పెట్టరు.

"ముప్ఫై ఏళ్ళుగా తీస్తున్నాను. ఎప్పుడైనా మీ కంచంలో అన్నం తగ్గిందా?"

"తగ్గితే నీ కంచంలో తగ్గుంటుందిలే," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి.

కరుణకి ఆ పోలిక ఎంత నచ్చిందంటే, రెండు చేతులూ చప్పున కలిపి కొట్టేసింది. "అదే మావయ్యగారూ! అచ్చం అదే. వండుకునే ముందే తీసేస్తాం. ఇక అది మనది కాదనుకుంటాం." ఆ క్షణంలోనే ఆ మూడో భాగానికి పేరు కూడా ఖాయం చేసేసింది. పిడికెడు.

ఉన్న ఫైళ్ళు ముందు బయటికి తీసుకోవాలి కదా. పెన్‌డ్రైవ్ తెమ్మని కాలేజీలో పాఠం చెబుతున్న ఏలీయాకి మెసేజ్ పెట్టింది. సాయంత్రం అతను తాపేశ్వరం కాజాల పొట్లం చేతికిచ్చి ఏమీ ఎరగనట్టు కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. పొట్లం విప్పితే కాజాల మధ్య పెన్‌డ్రైవ్.

"పాకం అంటుకుందండీ దీనికి!"

"తియ్యగా పనిచేస్తుందిలే."

"మూత ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మిమ్మల్నీ ఫార్మాట్ చేసేదాన్ని."

"చేసేసేవుగా నలభై రోజుల క్రితమే," అని అతను వంటింట్లోకి వినబడకుండా అన్నాడు. కరుణ పెన్‌డ్రైవ్ తుడుస్తున్న వంకతో చాలాసేపు తల ఎత్తలేదు.

గురువారం సాయంత్రానికి పని పూర్తయింది. కరుణ ముగ్గురినీ అరుగు మీదికి పిలిచింది. తను చేసిన పని గట్టిదని తనకి తెలుసు. మావయ్యగారికి నమ్మకం కుదరాలంటే మాత్రం కళ్ళారా చూడాలి.

"ఇప్పుడు దీన్ని పాడు చేస్తున్నాను చూడండి," అని, సిస్టమ్‌కి ఆయువుపట్టయిన ఫోల్డర్ చెరిపేసి, స్విచ్చి ఆపి మళ్ళీ వేసింది. తెర నల్లబడింది. మధ్యలో రెండు తెల్ల గీతలు మిణుకుమన్నాయి. అంతే.

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "అయ్యో తల్లీ, చేతులారా..."

"కూచోండి మావయ్యగారూ. ఏమండీ, టైము చూడండి."

మళ్ళీ స్విచ్చి వేసి పై వరసలో చివరి మీట నొక్కింది. 'కొత్తగా మొదలుపెట్టు' అని తెలుగులో అడిగింది తెర. ఆ మాట కరుణే రాసి పెట్టింది. సరే అంది. ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా పాకడం మొదలెట్టింది. రూతమ్మ టీ పెట్టుకొచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యే సరికి తెర మీద నీలాకాశం, మావయ్యగారి కోసం కరుణ పెట్టిన గుడి ఫొటో, రెండూ వెలిగాయి.

"తొమ్మిది నిమిషాల పది సెకన్లు," అన్నాడు ఏలీయా. "పది సెకన్లు ఎందుకు ఆలస్యమైందో హెడ్మాస్టరుగారికి సంజాయిషీ రాసివ్వాలి."

మాస్టారు తెరని వేలితో తాకి చూశారు. "అయితే ఇప్పుడా పిడికెడు అయిపోయినట్టేనా అమ్మా?"

"అవ్వదు మావయ్యగారూ. ఎన్నిసార్లు వంచినా అంతే ఉంటుంది."

"అయితే అందులో ఉన్నదానికి ఎప్పటికీ ఏమీ కాదన్నమాట."

"ఆయ్. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు."

నిజానికి ఆ భాగాన్ని కంటికి కనబడకుండా దాచెయ్యాలి. లాబ్‌లో అయితే అదే చేసేది. ఇక్కడ ప్రింటరు, తెలుగు కీబోర్డు అన్నీ కుదురుకున్నాక నకలు ఇంకోసారి తియ్యాల్సి వస్తుంది, అప్పుడే దాచొచ్చులే అనుకుని అలాగే వదిలేసింది. ఫైళ్ళ వరసలో 'రాతలు' అన్న పేరు కింద 'పిడికెడు' అన్న పేరు కూడా కనబడుతూ ఉండిపోయింది.

ఆ శనివారం రూతమ్మ కుండ వంచుతుంటే కరుణ పక్కనే కూర్చుంది. వంచే ముందు రూతమ్మ చెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టి అడుగంతా కలియబెట్టింది. గుడ్డలో చుట్టిన బీరువా తాళంచెవి తీసింది.

"అత్తయ్యగారూ! ఇక్కడ దాస్తారా?"

"మరి! దొంగోడు కూడా ఇందులో చెయ్యి పెట్టడమ్మా. మీ మావయ్యగారికి చెప్పకు. దేవుడి కుండలో మన సామానేంటని ముప్ఫై ఏళ్ళుగా నస. అందుకే వంచేముందు తడిమి చూసుకుంటాను. ఒకసారి మర్చిపోయి గుడిదాకా మోసుకెళ్ళేను. పాస్టరమ్మగారు బియ్యం కొలిచే గిద్దలోకి వచ్చింది తాళంచెవి. సిగ్గు పోయిందనుకో."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఆ తరవాత వారమంతా అరుగు మీద టిక్కు టిక్కుమని వేలు చప్పుడే. చక్రం తిరగలేదు, ప్రార్థన లేదు. మాస్టారు అన్నానికి పిలిస్తే కూడా "ఈ పేరా అవనీ" అనేవారు. శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బాటరీ ముసలిదవడంతో లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోయింది. కరెంటు వచ్చాక మళ్ళీ వేస్తే లేవలేదు. మేడ మీద బట్టలు తీస్తున్న కరుణ కిందికి దిగేసరికి మాస్టారే మీట నొక్కేసి, ఆకుపచ్చ గీతని చూస్తూ దర్జాగా కూర్చుని ఉన్నారు. మొన్నామధ్య ఆయువుపట్టు చెరిపేస్తే లేచి నిలబడిపోయిన మనిషేనా ఈయన!

"నాకేం భయం లేదమ్మా," అన్నారు. కరుణ చేతిలోని బట్టలు అరుగు మీద పడేసి గర్వంగా పక్కన కూర్చుంది.

సిస్టమ్ లేచింది. తెలుగు కీబోర్డు మాత్రం రాలేదు. నకలు తీసిన తరవాత ఎక్కించింది కాబట్టి నకల్లో లేదు. కరుణ రెండు నిమిషాల్లో మళ్ళీ ఎక్కించి ఇచ్చింది. లోపల మాత్రం ఆ చిన్న లోటు గుచ్చుకుంటూనే ఉంది.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. మాస్టారు పెరట్లో నూతి దగ్గర స్నానం చేస్తున్నారు. ఏలీయా బండి తుడుస్తున్నాడు. పది గంటలకి తండ్రీ కొడుకులు లాప్‌టాప్ పట్టుకుని ప్రెస్సుకి బయల్దేరాలి. కరుణకి బుద్ధి పుట్టింది. ఈలోగా పిడికెడు భాగాన్ని తుడిచేసి, తెలుగుతో సహా కొత్త నకలు తీసి, కనబడకుండా దాచేస్తే? ఏ లోటూ లేకుండా లాప్‌టాప్ ఊరు చూడటానికి వెళుతుంది. ఎంతసేపు, అరగంట పని.

జాగ్రత్త కూడా పడింది. 'రాతలు' మొత్తాన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. 'సంఘ చరిత్ర' అన్న ఫైలు అందులోకి వెళ్ళడం కళ్ళతో చూసింది. ఇక దిగులేముంది? పిడికెడు మీద నొక్కి, ఫార్మాట్ అంది. ఇందులో ఉన్నదంతా పోతుంది, ఖాయమేనా అని తెర అడిగింది. లాబ్‌లో ఈ ప్రశ్నకి ఆమె కొన్ని వేల సార్లు అవునని చెప్పి ఉంటుంది. చదవకుండానే వేలు వెళ్ళిపోతుంది.

వేలు వెళ్ళింది కూడా.

అప్పుడే వంటింట్లో సరసరమని చప్పుడు. శనివారం కదా, రూతమ్మ కుండ వంచబోతోంది. బియ్యంలో చెయ్యి తిరుగుతున్న చప్పుడు అది. అడుగు తడుముతోంది.

కరుణ వేలు మీట మీదే ఆగిపోయింది.

ఈ కుండ నేను కదా పెట్టింది, నాకు తెలియనిది ఇందులో ఏముంటుంది, అనుకుంది. అయినా వేలు కదల్లేదు. 'వద్దు' నొక్కి బయటికి వచ్చి, పిడికెడు తెరిచి చూసింది. నకలు ఉంది. దాని పక్కన ఒక ఫోల్డరు. 'భద్రం' అని పేరు. అందులో 'సంఘ చరిత్ర'. డెబ్బై ఒక్క పేజీలు. నిన్న సాయంత్రం ఆరున్నరకి దాచింది.

పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళిన ఫైలు తెరిచింది. నలభై ఒక్క పేజీలు. ఆ మొదటి మంగళవారం నాటిది.

పొద్దున్నపూట గోదావరి గాలి చల్లగా తగులుతున్నా కరుణ నుదుటి మీద చెమట పట్టింది. ముప్ఫై పేజీలు. ఒక్క వేలు. వారమంతా అన్నం వేళ కూడా మరిచి నొక్కిన అక్షరాలు. ఒక్క నొక్కు దూరం. ముందు ఆ ఫైలుని 'రాతలు'లోకి, పెన్‌డ్రైవ్‌లోకి, తన ఫోన్‌లోకి, ఏలీయా ఫోన్‌లోకి పంపించింది. "ఏంటిది, పొద్దున్నే ప్రేమలేఖా?" అని వాకిట్లోంచి అరిచాడు అతను. ఆమె ఫైలు చేరిందో లేదో ఒక్కొక్కచోటా తెరిచి చూసుకుంటోంది.

మాస్టారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చారు. కరుణ లేచి నిలబడింది. చెప్పకుండా ఉండొచ్చు. ఏమీ పోలేదు, ఎవరికీ తెలియదు. కానీ ఈ ఇంట్లో నాలుగో గ్లాసు తనది. దాచుకుని తాగే కాఫీ రుచిగా ఉండదు.

"మావయ్యగారూ, చరిత్ర పిడికెడులో పెట్టేరా?"

"ఆ గురువారం నుంచీ అందులోనే రాస్తున్నాను. నువ్వే చెప్పేవు కదమ్మా. ఎన్నిసార్లు వంచినా అందులోది అలాగే ఉంటుందని, ఎవరూ చెయ్యి పెట్టరని. అంతకన్నా భద్రమైన చోటు ఇంకెక్కడుంది?"

"నేను చెయ్యి పెట్టబోయేనండి. ఇప్పుడే. అంతా తుడిచెయ్యబోయేను. మిమ్మల్ని అడక్కుండా." అంతా చెప్పేసింది. 

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కుడిచెయ్యి మోకాలి మీద వణుకుతోంది. ఎడంచేత్తో దాన్ని పట్టుకున్నారు. 

"తప్పు నాదీ ఉందమ్మా," అన్నారు. "పక్కన తీసిపెట్టినదాంట్లో సొంత సామాను కలపకూడదని మీ అత్తయ్యకి ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆఖరికి నేనూ అదే పని చేసేను."

బియ్యం సంచి పట్టుకుని రూతమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె రెండో చేతిలో తాళంచెవి. దాచాలన్న ధ్యాస కూడా లేదు.

"నేనైతే వంచేముందు తడిమి చూస్తానండి," అంది. "మీ పాఠంలో ఆ ముక్క ఎప్పుడైనా చెప్పేరా?"

ముందు నవ్వింది మాస్టారే.

ఆ తరవాత అరగంటలో కరుణ తన పని తను చేసింది. తడిమి చూసి, తుడిచి, తెలుగుతో సహా కొత్త నకలు తీసి, పిడికెడు ఇక ఎవరి కంటికీ కనబడకుండా దాచేసింది. ఒకసారి పాడు చేసి లేపి చూసింది కూడా. ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు. పదిన్నరకి మాస్టారు లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని బండెక్కారు.

పన్నెండు దాటాక ఫోన్ మోగింది. కరుణ చేతులు తడిగా ఉన్నాయి. ఇవాళే అత్తగారు ఆమెకి మొదటిసారి బియ్యం చేట అప్పగించింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మాయ్, ప్రెస్సు వాళ్ళు తెరిచేరు. డెబ్బై ఒక్క పేజీలూ వచ్చేయి. ఒక్క అక్షరం చెదరలేదు. అయితే ఇక్కడ కూచుని ఇంకో పేజీ చేర్చేను."

"ఏం పేజీ మావయ్యగారూ?"

"పాస్టర్ల పేర్లు రాసేను, పెద్దల పేర్లు రాసేను. నూట పాతికేళ్ళుగా కుండలోకి పిడికెడు తీస్తున్న ఆడవాళ్ళ సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఇందాక దారిలో తట్టింది. మీ అత్తయ్య పేరుతోనే మొదలెట్టేను. ఇప్పుడే చెప్పకు తనకి. అచ్చులో చూసుకోనీ."

కరుణ తలెత్తి చూసింది. పొయ్యి దగ్గర రూతమ్మ ఇటు తిరగలేదు. కుండ మూత తీసి కోడలి ముందుకి జరిపింది.

"చెప్పనండి మావయ్యగారూ," అంది కరుణ.

"తాళంచెవి సంగతి రాయలేదు కదా, అడుగు," అంది రూతమ్మ, ఫోన్‌కి వినబడేంత గట్టిగా.

 అవతల ఏలీయా పకపకా నవ్వడం వినిపించింది.

కరుణ చేటలోంచి పిడికెడు తీసింది. తన పిడికిలి అత్తగారి పిడికిలి కన్నా చిన్నదిగా కనిపించింది. ఇంకో నాలుగు గింజలు కలిపి, కుండలో పోసింది.